అత్త కారుకి మెరుగు పెట్టాను

కార్లు లోపల శుభ్రం చెయ్యడం నా వృత్తి. బయటి పని ఎవరైనా చేస్తారు. పైపు పట్టుకుని నీళ్ళు కొట్టి, నాలుగు పక్కలా గుడ్డ తిప్పితే అయిపోతుంది. లోపల అలా కుదరదు. లోపల మనుషులు కూర్చుంటారు, తింటారు, తుమ్ముతారు, పోట్లాడుకుంటారు, సీటు సందుల్లో చిల్లరా పిన్నులూ జారవిడుస్తారు. ఒకసారి నాకొక పన్ను దొరికింది. ఇప్పటికీ ఎవరూ వచ్చి అడగలేదు. మనిషి ఎలాంటివాడో తెలియాలంటే వాడి స్నేహితుల్ని విచారించక్కర్లేదు, వాడి కారు తలుపు జేబులో చెయ్యి పెడితే చాలు.

నాకొక జబ్బుంది. రుద్దడం మొదలుపెడితే ఆపలేను. చిన్నప్పుడు మా అమ్మ నా చేతికి గిన్నె ఇచ్చేది కాదు, అడుగు చిల్లు పడేదాకా తోముతానని. నేను దాన్ని పనితనం అంటాను, అమ్మ పొగరు అంటుంది. ఈ సంగతి చెప్పడం పూర్తయ్యేసరికి మీరూ అమ్మ పక్షానే చేరతారని నాకు తెలుసు. చేరండి, ఏం చేస్తాను.

మా మేనత్త, అంటే నాన్నకి అక్క, కారు నడపడం నేర్పుతుంది. డెబ్బై దాటిన మనిషి. పొట్టిగా ఉంటుంది, సీటు మీద దిండు వేసుకుంటే తప్ప రోడ్డు కనపడదు. కానీ నోరు మాత్రం వీధి చివరిదాకా వినపడుతుంది. మా ఊళ్ళో నడిచే కార్లలో సగం ఆవిడ తిట్లతో నడవడం నేర్చుకున్నవే. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఒక పేరు పెడుతుంది. ఒకరు తూనీగ, ఒకరు ఉరుము, ఒకరు నత్త. లైసెన్సు వచ్చి పదవులొచ్చి జుట్టు నెరిసినా ఆ పేరు పోదు.

ఆవిడ కారు గురించి చెప్పాలి. ఈ రోజుల్లో కార్ల లోపల అల్యూమినియం అని చూపించేది చాలావరకు వెండిరంగు పూసిన ప్లాస్టిక్కే. అత్త కారు పాతది, అందులో ఆ మోసం లేదు. ముందద్దం కింద ఈ చివర నుంచి ఆ చివరదాకా పరిచింది నిజమైన అల్యూమినియం రేకు, రంగూ వార్నిషూ ఏమీ లేకుండా. తలుపుల పైఅంచులు, గేరు కర్ర తలకాయ, పెడళ్ళు అన్నీ అంతే. నేర్పే బండి కాబట్టి పెడళ్ళు రెండు జతలు. నేర్చుకునేవాళ్ళ వైపు బ్రేకు మసకేసి ఉంటుంది. అత్త వైపు బ్రేకు మాత్రం ఏ పాలిషూ లేకుండానే అరిగి తళతళలాడుతుంది. ఆ ఒక్క తేడా చూస్తే అత్త ఇన్నేళ్ళూ ఏం పడిందో అర్థమవుతుంది.

ఆ మధ్య ఒక కొత్త నిబంధన వచ్చింది. డెబ్బై దాటినవాళ్ళు కారు నడపడం నేర్పాలంటే మళ్ళీ పరీక్షకి కూర్చోవాలి. పరీక్ష పెట్టే అధికారి ఎవరయ్యా అంటే నత్త. అతను అత్త దగ్గరే నేర్చుకున్నాడు, మూడో గేరు వెయ్యాలంటే ఇంట్లో అడిగి రావాలన్నంత నెమ్మదిగా. మా బావ, అంటే అత్త కొడుకు, మందుల షాపు నడుపుతాడు. తల్లి ఇక ఇంటిపట్టున ఉంటే బాగుండునని అతని కోరిక. "ఎందుకమ్మా ఈ వయసులో" అన్నాడు. అత్త వినిపించుకోలేదు. "నా పరీక్ష నత్త పెడతాడా. పెట్టనీ. వాడు నిద్రపోకుండా ఉంటే చాలు" అంది.

పరీక్షకి మూడు రోజుల ముందు కారు తెచ్చి నా షెడ్డు ముందు ఆపింది.

"శుభ్రం చెయ్యవే. నత్త వచ్చి కూర్చుంటాడు, వాడి బట్టలకి మసి అంటితే రేపు నన్నే అంటాడు."

"మెరుగు కూడా పెట్టనా అత్తా?"

"శుభ్రం అన్నాను. మెరుగు అన్నానా?"

అని తాళాలు నా చేతిలో పడేసి వెళ్ళిపోయింది. చెప్పింది చెప్పినట్టు చేసుంటే ఈ గొడవే ఉండేది కాదు.

పని మొదట్లో బుద్ధిగానే చేశాను. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల సబ్బు చుక్కలు వేసి, మెత్తటి గుడ్డ గట్టిగా పిండి, రేకు మొత్తం తుడిచాను. అల్యూమినియానికి ఘాటు మందులు పడవు, పోస్తే నల్లటి మచ్చలు తేలతాయి. ఇనప పీచు దగ్గరికి కూడా రానివ్వకూడదు. మూలల్లో పాత పళ్ళ బ్రష్షుతో గీకాను. మొదటి రోజుల్లో పక్క సీట్లో కూర్చుని చూసేవాళ్ళంతా భయపడి పట్టుకునే చోట, అంటే ఎడమ చివర, ఏళ్ళ తరబడి పట్టిన చెమట మచ్చలు గోధుమ రంగులో ఉన్నాయి. వాటికి పాలిష్ కావాలి.

పాలిష్ పెట్టేముందు ఎవరికీ కనపడని మూల చూసుకోవాలి. సామాన్ల అర మూత వెనకాల చిటికెడు రాసి రుద్దాను. గుడ్డ వెంటనే నల్లబడింది. నల్లబడితే ఒట్టి అల్యూమినియం అని లెక్క. పైన ఏదైనా పూత ఉంటే గుడ్డ తెల్లగానే ఉంటుంది, అప్పుడు పాలిష్ జోలికి పోకూడదు. కొత్తవాళ్ళు ఇంకో చోట బోల్తా పడతారు. గుడ్డ నల్లగా వస్తోంది కాబట్టి ఇంకా మురికి ఉందనుకుని రుద్దుతూనే ఉంటారు. అది మురికి కాదు, లోహమే అరిగి వస్తోంది. గుడ్డ తెల్లబడేదాకా వదలనని పంతం పడితే చివరికి గుడ్డ మిగులుతుంది, రేకు మిగలదు.

నేను కొత్తదాన్ని కాదు. చెమట మచ్చలు పోగానే ఆపేశాను. ఆపి చూస్తే, ఆ ఎడమ చివర నిగనిగలాడుతోంది, మిగతాదంతా బూడిదరంగులో ముఖం మాడ్చుకుని ఉంది. ఒక చెవికి కమ్మ పెట్టి రెండో చెవిని వదిలేసినట్టు. నా చెయ్యి ఊరుకుంటుందా?

ఇంకో సంగతి. ఆ రేకు మీద అడ్డంగా సన్నటి గీతలుండేవి, దువ్విన జుట్టులాగా. అవి గీసుకుపోయిన గీతలు కావు, కారు తయారుచేసినవాళ్ళు కావాలని పెట్టినవి. అది నాకు తెలుసు. తెలిసీ ఏమనుకున్నానంటే, అద్దంలా చేసే ఓపిక లేక గీతలతో సరిపెట్టుకున్నారు అనుకున్నాను. నాకు ఓపిక ఉంది కదా. సన్నటి ఇసుక కాగితం తడిపి, ఆ తర్వాత ఇంకా సన్నది, ఆ తర్వాత దానికన్నా సన్నది, ఒకదాని తర్వాత ఒకటి పట్టించి గీతలన్నీ తీసేశాను. తర్వాత పాలిష్, తర్వాత మైనం. షెడ్డులో ట్యూబులైటు వెలుతురు ఆ రేకు మీద పడితే, లైటుకి పట్టిన బూజు కూడా అందులో కనపడింది. నా జన్మలో అంత బాగా ఏ పనీ చెయ్యలేదు. ఎవరైనా వచ్చి చూస్తే బాగుండునని వీధిలోకి తొంగి చూశాను కూడా.

సాయంత్రం అత్త వచ్చింది. తలుపు తీసి, రేకులోకి వంగి, తన మొహం చూసుకుని, చెవి పక్కన చెదిరిన జుట్టు సర్దుకుంది.

"శుభ్రం అన్నాను కదే" అంది.

"నచ్చలేదా?"

"నచ్చింది. అదే నా బాధ" అని నవ్వి, కారు తీసుకెళ్ళిపోయింది. ఆ రాత్రి నేను నిమ్మకు నీరెత్తినట్టు హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున ఏం జరిగిందో నాకు తర్వాతెప్పుడో తెలిసింది. మీకు ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే నాలాగే మీరూ అయోమయంలో పడతారు. అత్త ఎవర్నీ ఎక్కించుకోకుండా ఒక్కతే కారు తీసుకుని తూర్పు వైపు వెళ్ళింది, పరీక్ష ముందు చెయ్యి ఆడించుకుందామని. పెద్ద రోడ్డు ఎక్కేసరికి కళ్ళ ముందు తెల్లగా కమ్మింది. మంచు కాదు, పొగ కాదు. రోడ్డు మీద ఎవరో పాలు ఒలకబోసినట్టు. ఎదురుగా వస్తున్న బండ్లు ఆ తెలుపు లోపల నీడల్లా కదిలాయి. బండి పక్కకి తీసి ఆపింది. కళ్ళు తుడుచుకుంది, కళ్ళజోడు తుడుచుకుంది, ముందద్దం తుడిచింది. మళ్ళీ బయల్దేరితే మళ్ళీ అదే. ఇంటిదారి పట్టి వెనక్కి తిరిగాక తగ్గిపోయింది.

మా నాన్నమ్మకి, అంటే అత్త కన్నతల్లికి, చూపు పోయింది ఇలాగే. సరిగ్గా ఈ వయసులోనే. మొదట్లో వచ్చి పోయేది, కళ్ళ ముందు పాలు పోసినట్టుందమ్మా అనేది. తర్వాత రావడమే గానీ పోవడం మానేసింది. నాన్నమ్మని చెయ్యి పట్టుకుని నడిపించింది అత్తే. అందుకని ఆ పొద్దున అత్త ఎవర్నీ ఏమీ అడగలేదు. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళలేదు. వెళ్తే ఆయన అవునంటాడని భయం.

ఇవేవీ నాకు తెలియవు. నాకు తెలిసిందల్లా మధ్యాహ్నం బావ ఫోను చెయ్యడం.

"అమ్మ పరీక్షకి వెళ్ళనంటోంది. కారు కూడా అమ్మేస్తుందట" అన్నాడు. గొంతులో సంతోషం దాచుకోవడం అతని వల్ల కాలేదు.

నాకు ఒళ్ళు మండింది. అంత మెరుగు పెట్టిన కారుని అమ్మేస్తుందా? నా కోపం మొదట దాని గురించే, అబద్ధం ఎందుకు చెప్పాలి. షెడ్డు మూసేసి వాళ్ళింటికి వెళ్ళాను. అత్త కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది.

"ఏమైంది అత్తా?"

"ఏమీ కాలేదు. విసుగొచ్చింది."

"నీకా? విసుగా? ఉరుముకి రివర్స్ నేర్పిన మనిషివి నువ్వు."

"ఎప్పుడో ఒకప్పుడు రావాలి కదా."

"నత్తకి భయపడ్డావని ఊరంతా చెప్తాను."

"చెప్పుకో" అంది.

అక్కడ నాకు అనుమానం తగిలింది. అత్తని నత్తతో కలిపి ఆ మాట అంటే, మామూలుగా అయితే నా చెవి ఆవిడ చేతిలో ఉండాలి. ఆవిడ కిటికీలోంచి చూపు తిప్పలేదు. బయట చూడ్డానికి ఏమీ లేదు, ఎదురింటి గోడ. ఆ గోడనే కళ్ళు చిట్లించి, ఒక్కో ఇటుకనీ పలకరిస్తున్నట్టు చూస్తోంది. "కారు అమ్మకానికి ఫోటోలు కావాలి, తీసిపెట్టు" అని మాత్రం అంది.

ఆ రోజు నాకు చేతినిండా పని ఉంది. ఆ మర్నాడు సాయంత్రం, ఫోటోలు షెడ్డు దగ్గర బాగా వస్తాయని, కారు తీసుకుని బయల్దేరాను. మరుసటి పొద్దునే పరీక్ష. ఆ ఆలోచనతో లోపల్లోపల అత్తని తిట్టుకుంటూ పెద్ద రోడ్డెక్కి పడమటికి తిరిగాను. ఎదురుగా ఎండ.

తెల్లగా కమ్మేసింది.

నాకు నాన్నమ్మే గుర్తొచ్చింది. ఇది మా వంశంలోనే ఉందా, నాక్కూడా ఇప్పుడే వచ్చిందా అనుకున్నాను. ఎలాగో పక్కకి తీసి ఆపాను. ఒక కన్ను మూసి చూశాను, తెలుపే. రెండో కన్ను మూసి చూశాను, తెలుపే. తలుపు తీసి బయట తల పెట్టి చూస్తే రోడ్డు శుభ్రంగా ఉంది. చెట్లు, బండ్లు, మనుషులు అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. తల లోపల పెడితే పాలు. అప్పుడు చూపు కిందికి పోయింది. నేను రాత్రి పగలు మురిసిపోయిన ఆ రేకు, ఆకాశాన్నంతా పట్టి ముందద్దం మీదకి ఎత్తి పోస్తోంది.

నా నల్ల పని కోటు వెనక సీట్లో ఉంది. తీసి రేకు మీద పరిచాను. తెలుపు పోయింది. రోడ్డు కడిగినట్టు కనపడింది. కోటు తీశాను, మళ్ళీ పాలు. పరిచాను, పోయింది. ఎన్నిసార్లు అలా చేశానో నాకే తెలియదు. పక్కనుంచి పోతున్న ఒకాయన బండి ఆపి, ఏమైనా సాయం కావాలా అమ్మా అని అడిగాడు. బుద్ధి కావాలండీ అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు.

ఆ గీతలు ఊరికే పెట్టలేదు. వెలుతురు ఒక్కచోట నుంచి కొట్టకుండా చెదిరిపోవడానికి పెట్టారు. ఓపిక లేక కాదు, ఆలోచన ఉండి పెట్టారు. నేనేమో కొండ నాలుకకి మందేసి ఉన్న నాలుక ఊడగొట్టాను. అత్త గోడ కేసి ఎందుకలా చూసిందో, విసుగు అని ఎందుకందో, అంతా ఒక్కసారిగా తెలిసింది.

కోటు రేకు మీద అలాగే ఉంచి, బండి వెనక్కి తిప్పాను.

ఇంటి తలుపు తీసే ఉంది. లోపల అత్త ఒక్కతే ఉంది. పిలవబోయి ఆగిపోయాను. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు ముందుకి చాపి, హాల్లోంచి వంటింట్లోకి నడుస్తోంది. బల్ల మూల తాకగానే ఆగింది, దాని చుట్టూ తిరిగింది, గడప దగ్గర కాలితో వెతుక్కుని దాటింది. వంటింటి అలమార తెరిచి డబ్బాలు ఒక్కొక్కటీ తడిమింది. ఒకటి మూత తీసి వాసన చూసి, తప్పయినట్టుంది, పెట్టేసింది. పక్కది తీసింది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. "ఉప్పు" అంది పైకి, పాఠం అప్పజెప్పినట్టు. మళ్ళీ వెనక్కి తిరిగి మొదటి నుంచి మొదలుపెట్టింది.

ఏదైనా రావాలంటే సాధన చెయ్యాలి అని అందరికీ చెప్పే మనిషి. గుడ్డితనానికి కూడా సాధన చేస్తోంది.

ఆవిడంటే నాకెంత ప్రాణమో ఆ క్షణం దాకా నేను లెక్క వేసుకోలేదు. గుమ్మంలో నించుని ఏడుపు ఆపుకుంటే అది దగ్గులా బయటికొచ్చింది. అత్త టక్కున కళ్ళు తెరిచింది.

"ఎప్పుడొచ్చావు?"

"ఇప్పుడే. ఉప్పు దగ్గర."

ఆవిడ డబ్బా మూత బిగించింది.

"అత్తా, నీ కళ్ళు బాగానే ఉన్నాయి. పాడుచేసింది నేను" అన్నాను. గబగబా అంతా చెప్పాను. రేకు, గీతలు, ఎండ, కోటు.

అత్త నమ్మలేదు. "నన్ను ఊరడించకే. మా అమ్మని నేనూ ఇలాగే ఊరడించాను. దీపం తగ్గించి ఉందమ్మా, అందుకే నీకు కనపడ్డంలేదు అని" అంది. గొంతు మామూలుగానే ఉంది. అదే నాకు భరించడం కష్టమైంది.

ఇక మాటలతో లాభం లేదని చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి లాక్కెళ్ళాను. వీధి చివర ఎండ ఇంకా మిగిలి ఉన్న చోటికి తీసుకెళ్ళి, ఆవిణ్ణి దిండు మీద కూర్చోబెట్టి, కోటు తీశాను.

"ఇదే. ఇదే వచ్చింది" అంది అత్త, స్టీరింగు గట్టిగా పట్టుకుని.

కోటు పరిచాను. "తియ్యి" అంది. తీశాను. "వెయ్యి" అంది. వేశాను. తర్వాత నా చేతిలోంచి కోటు లాక్కుని తనే తీసి తనే వేసి చూసుకుంది. అప్పుడు మొదలయ్యాయి తిట్లు. ఎప్పుడో నేను పుట్టినప్పటి నుంచి ఎత్తుకుని, మా నాన్న చిన్నప్పుడు చేసిన వెధవ పనుల మీదుగా, నా చేతుల దాకా వచ్చింది. వీధిలో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. నా చెవికి అంత ఇంపైన తిట్లు ఎప్పుడూ తగల్లేదు.

ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగాను. "రేపు పరీక్షకి వెళ్తావా?"

"ఈ అద్దాల మేడలో కూర్చునా? ముందు ఇది తగలెయ్యి."

నేను పెట్టిన మెరుగు నేనే చంపాలి. షెడ్డుకి వెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. మైనం అంతా తుడిచేశాను. సన్నటి నైలాను పీచు తీసుకుని, దానికి సబ్బు నీళ్ళు తగిలించి, ఎడమ చివర పెట్టి కుడి చివరదాకా ఒకే లాగుడు. మధ్యలో ఆగకూడదు, వెనక్కి రుద్దకూడదు, గుండ్రంగా తిప్పకూడదు. చెయ్యి ఎత్తి మళ్ళీ ఎడమ నుంచే మొదలుపెట్టాలి. చెయ్యి వంకరపోకుండా ఉండడానికి అత్త పొడవాటి చెక్క బద్ద ఒకటి రేకు మీద అదిమి పట్టుకుంది. మొదటి లాగుడుకి, రేకులో కనపడుతున్న నా మొహం మీద ఒక మసక పట్టీ పడింది. నిజం చెప్తున్నాను, కాస్త బాధేసింది.

"నీ మొహం పోతోందని ఏడుస్తున్నావా?" అంది అత్త.

"అంత బాగా ఎప్పుడూ రాలేదు అత్తా."

"అంత బాగా అక్కర్లేదన్నాను కదే. ఊ, లాగు. చెయ్యి వణుకుతోంది. తూనీగే నయం నీకన్నా."

నేను లాగుతుంటే అత్త బద్దని కొద్దికొద్దిగా కిందికి జరుపుతూ వచ్చింది. ఇద్దరికీ ఒక తాళం కుదిరింది. ట్యూబులైటు, దాని బూజు, నా ముక్కు, అత్త గడ్డం అన్నీ ఒక్కొక్కటిగా మాసిపోయి, రేకు మళ్ళీ దువ్వినట్టయింది. మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టి చూస్తే, ఎక్కడి నుంచి చూసినా ఒకే మాదిరి నెమ్మదైన తెలుపు. కంటికి హాయిగా ఉంది. అది కూడా పనితనమే అని అప్పుడు అనిపించింది, కానీ పైకి అనలేదు. అత్త దగ్గర ఓడిపోయానని ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

అప్పటికి సూర్యుడు దిగిపోయాడు. ఎండలో చూసుకోవడానికి వీల్లేకపోయింది. ఇంటికి దింపితే, అత్త దిగకుండా కాసేపు కూర్చుంది.

"కోటు వేస్తే పోయింది. నిజమే. కానీ మొత్తం పోయిందా, కొంత నా కళ్ళలో కూడా ఉందా అని లోపల ఎవరో అడుగుతున్నారే" అంది.

నేను లేదు అనబోయాను. ఊరడింపు ఆవిడకి పడదని గుర్తొచ్చి ఊరుకున్నాను.

పొద్దున చూస్తే ఆకాశం నిండా మబ్బు. అత్త నున్నగా దువ్వుకుని, దిండు చంకన పెట్టుకుని వచ్చింది. బావ మొహం మాడ్చుకునే తాళాలు అందించాడు. "జాగ్రత్తమ్మా" అన్నాడు. "నీ షాపు తాళం వేశావో లేదో చూసుకో" అంది అత్త. నేను వెనక సీట్లో కూర్చున్నాను. ఆఫీసు దాకా మబ్బు వీడలేదు.

నత్త గారు బయటికి వచ్చి, "నమస్కారం మేడం" అని వంగి పక్క సీట్లో కూర్చున్నాడు. కూర్చోగానే పాత అలవాటు కొద్దీ కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు, పెడళ్ళు తగిలితే అత్త తిడుతుందని. ఆ వైపు పెడళ్ళు ఇప్పుడు తనవే అన్న సంగతి ఆయనకి తట్టలేదు. వెనక ఎవరని అడిగితే, కారు శుభ్రం చేసిన మనిషి అని చెప్పింది అత్త. పాడుచేసిన మనిషి అనలేదు, అంతవరకు దయ.

పది గజాలు వెళ్ళామో లేదో మబ్బు విడిపోయింది. ఎండ ఫెళ్ళుమంది, మా వెనక వైపు నుంచి. నత్త ఏ వీధి చెప్పినా ఎండ వెనకే ఉండేలా చెప్పాడు. కావాలనే చేశాడు. పాపం, మర్యాదస్తుడు. అత్త రివర్స్ చేసింది, సందులో తిప్పింది, ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. చెట్టు నీడలో ఆపించి, నత్త జేబులోంచి పెన్ను తీశాడు.

"బ్రహ్మాండం మేడం. సంతకం పెట్టేస్తాను."

"పెన్ను లోపల పెట్టు" అంది అత్త.

"ఏమైంది మేడం?"

"నన్ను ఎండకి ఎదురు తీసుకెళ్ళలేదు నువ్వు."

"అవసరం లేదండీ. మీ డ్రైవింగు నాకు తెలియదా?"

"నీకు అవసరం లేదు. నాకుంది."

నత్త నా వైపు తిరిగి చూశాడు, నువ్వైనా చెప్పమ్మా అన్నట్టు. సంతకం పెట్టించేసుకో అత్తా, ఎందుకొచ్చిన గొడవ అని అరవాలనిపించింది. ఎదురెండలో ఆ తెలుపు మళ్ళీ వస్తే అప్పుడు అది నా రేకు చేసిన పని కాదు. ఆ సంగతి అత్తకీ తెలుసు. తెలిసే అడుగుతోంది.

కారు పెద్ద రోడ్డెక్కింది. మలుపు తిరగ్గానే ఎండ నేరుగా ముందద్దం మీద పడింది. నత్త చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అత్త గేరు మార్చింది. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టింది.

"ఎడంపక్క నీలం గేటు. గేటు మీద పిల్లి. సగం తోకే ఉంది."

నేను చూశాను. సగం తోకే ఉంది.

"ముందు సైకిలు. వెనక ఎవరొస్తున్నారో చూసే ఉద్దేశం వాడికి లేదు, నేనే తప్పుకోవాలి. కుడిపక్క కొట్టు బోర్డులో ఒక అక్షరం ఊడిపోయింది. మేడ మీద మేజోళ్ళు ఆరేశారు, రెండూ రెండు రంగులు. దూరంగా లైటు పచ్చగా ఉంది, మనం వెళ్ళేసరికి ఎర్రబడుతుంది. దాని కింద ఒకావిడ సంచి దించి చెయ్యి మార్చుకుంటోంది."

గొంతు పెరుగుతోంది. నత్త ఏమీ అర్థంకాక, ఆవిడ చెప్పిందల్లా ఒక్కొక్కటీ తల తిప్పి చూసుకుంటున్నాడు. లైటు ఎర్రబడింది. అత్త గీత దగ్గర కారు మెత్తగా ఆపి, తలెత్తి, వెనక్కి చూసే అద్దంలోకి చూసింది.

"వెనక సీట్లో మా మేనకోడలు. ఏడుస్తోంది" అంది. "బాగా కనిపిస్తోంది."